సబ్బు ఎక్కువ, నీళ్లు తక్కువ

గడ్డం సబ్బు నురగలో ఉండేవి మూడే: సబ్బు, నీళ్లు, గాలి. గాలికి ఖర్చు లేదు, సబ్బు బజారులో దొరుకుతుంది. తగువంతా నీళ్లతోనే. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో ఈ తగువు మరీ ఎక్కువ. అదే సబ్బు, అదే బ్రష్షు కాలవ నీళ్లు వచ్చే కొళాయి దగ్గర చక్కగా నురగ కడతాయి. పల్లపు ఊళ్లో బోరు నీళ్ల దగ్గరకు వచ్చేసరికి ఆ నురగ చెంపకు పట్టేలోపే చిట్లిపోతుంది. నింద మాత్రం ఎప్పుడూ సబ్బు మీదే పడుతుంది.

మంచి నురగకు గుర్తు దాని పొంగు కాదు. బుడగలు కంటికి విడివిడిగా కనిపించనంత సన్నగా ఉండాలి. పైన తడి మెరుపు ఉండాలి. రెండు వేళ్ల మధ్య రుద్దితే జారాలి. చెంప మీద నాలుగైదు నిమిషాలు ఆరకుండా, కారకుండా నిలవాలి. గిన్నె నిండా పొంగిన పెద్ద బుడగల నురగ చూడడానికి బాగుంటుంది కానీ అందులో ఉన్నదంతా గాలే. బ్లేడు ఆనగానే విడిపోయి, చర్మాన్ని వట్టిగా వదిలేస్తుంది.

ఇంతకీ నురగ చేసే పనేమిటి? వెంట్రుకను మెత్తబరిచేది నురగేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పని నీళ్లది. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తితో తయారైంది. పొడిగా ఉన్నప్పుడు అది గట్టిగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు తడిలో నానితే నీళ్లు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది, అప్పుడు కోయడానికి చాలా తక్కువ బలం సరిపోతుంది. ద్వారకా తిరుమల కల్యాణకట్టలో మొక్కు తీర్చుకునేవారి తలలు నీళ్లతో తడిపి గుండు చేస్తారు, అక్కడ సబ్బుతో పని లేదు. పూర్వం ఊరి మంగలి కూడా పొది విప్పి, గడ్డాన్ని నీళ్లతో తడిపి, వేళ్లతో చాలాసేపు మర్దించి కత్తి పెట్టేవాడు. పంటల కాలంలో కళ్లం దగ్గర మంగలికి కూలి ధాన్యంగా మేర కొలిచి ఇచ్చే రోజుల్లో ఆ మర్దన కూడా మేరలో భాగమే. ఇక నురగ పని రెండు విధాలు: ఆ తడిని వెంట్రుక చుట్టూ పట్టి ఉంచడం, బ్లేడుకీ చర్మానికీ మధ్య జారుడు పొరగా నిలవడం. తడి ఆరిపోయే నురగకు మొదటి పని చేతకాదు, గాలి నురగకు రెండోది చేతకాదు.

నీళ్ల సంగతికి వస్తే ఈ ప్రాంతం నేల తీరు కొంచెం తెలియాలి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు పరుచుకుని ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటివి దానిలో కలుస్తాయి. బయటికి వెళ్లే దారి ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు పారి అది బంగాళాఖాతంలో కలుస్తుంది. ఎండాకాలంలో సరస్సు మట్టం పడిపోయినప్పుడు సముద్రపు పోటు నీరు ఉప్పుటేరు గుండా పైకి ఎగదన్నుతుంది. దానికి తోడు డెల్టా అడుగున ఉన్న బంకమట్టి పొరల్లో ఒకప్పటి సముద్రపు ఉప్పు చిక్కుకుపోయి ఉంది. అందుకే కొల్లేరు పరిసరాల్లో చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. 1999లో 5వ కాంటూరు (ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన సరస్సు ఇది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. ఇంత నీటి నడుమ ఉండే లంక గ్రామాలకు మంచినీళ్ల కరువు మాత్రం తప్పలేదు.

కాలవ నీళ్ల కథ వేరు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి నీటిని డెల్టాకు మళ్లించింది. పడమటి వైపు విజ్జేశ్వరం దగ్గర బయలుదేరే కాలవల్లో ఏలూరు కాలవ నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమడోలు మీదుగా ఏలూరు చేరుతుంది. విజయవాడ వైపు నుంచి వచ్చే కృష్ణా కాలవ కూడా ఏలూరుకే వస్తుంది. వానలతో, వరదలతో వచ్చే నది నీటిలో కరిగిన లవణాలు పల్లపు బోరు నీళ్లతో పోలిస్తే చాలా తక్కువ. డెల్టా ఊళ్లలో తాగునీటి చెరువులు నింపేది ఈ కాలవలతోనే. వేసవిలో కాలవలు కట్టేశాక ఆ చెరువు నీళ్లే గతి. ఎండలకు నీళ్లు ఆవిరైపోతాయి కానీ లవణాలు ఆవిరి కావు. కాబట్టి మే నెల చివరి చెరువు నీళ్లు జనవరి నాటి చెరువు నీళ్లంత మెత్తగా ఉండవు. ఒకే కొళాయి కింద ఒకే మనిషికి నురగ రుతువును బట్టి మారడానికి కారణం ఇదే.

సబ్బుకు అసలు శత్రువులు నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. ఇవి ఎక్కువగా ఉన్న నీటినే బడి పుస్తకాలు కఠిన జలం అంటాయి. సబ్బు కణాలు వీటితో కలిస్తే నీటిలో కరగని తెట్టుగా మారిపోతాయి. బకెట్టు అంచున, స్నానాల గది గచ్చు మీద జిడ్డుగా పట్టే తెల్లటి మరక అదే. 19వ శతాబ్దం మధ్యలో థామస్ క్లార్క్ అనే స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త నీటి కఠినత్వాన్ని కొలవడానికి నురగనే కొలబద్ద చేశాడు. నీటిలో సబ్బు ద్రావణం కొద్దికొద్దిగా కలుపుతూ, కుదుపుతూ, నిలిచే నురగ రావడానికి ఎంత సబ్బు పట్టిందో చూసి లెక్క కట్టేవాడు. ఇప్పుడు లీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతున్నారు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు 200, వేరే నీరు దొరకని చోట 600 వరకు సర్దుకోవచ్చని దాని మాట. క్లార్క్ పద్ధతిని ఇంట్లోనూ మోటుగా చేసి చూడవచ్చు. రెండు చిన్న సీసాల్లో ఒకదానిలో బోరు నీళ్లు, రెండోదానిలో వాన నీళ్లు పోసి, ఒకే కొలత సబ్బు తురుము వేసి గట్టిగా కుదిపితే తేడా కంటికే తెలుస్తుంది.

ఇక్కడొక లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కఠినత్వం 300 ఉన్న 20 లీటర్ల బకెట్టు నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం అంతా తెట్టుగా మారాలంటే 36 గ్రాముల దాకా సబ్బు ఖర్చవుతుంది. అంటే చిన్న సబ్బు బిళ్లలో పెద్ద ముక్కే. బోరు నీళ్లలో బట్టలు ఉతకడానికి సబ్బు పోయి డిటర్జెంటు రావడంలో వింత లేదు. అయితే గడ్డానికి పట్టే నురగలో ఉండే నీళ్లు రెండు చెంచాలకు, అంటే 10 మిల్లీలీటర్లకు, అటూ ఇటూగా ఉంటాయి. అవే నీళ్లు అంత కొంచెంలో చెడగొట్టే సబ్బు సుమారు 20 మిల్లీగ్రాములు. ఒక గడ్డానికి వాడే సబ్బు గ్రాము దాకా ఉంటుంది. దానిలో నూటికి రెండు వంతులు పోయినా పోయిందేముంది?

అయినా నురగ చెడుతుంది. దానికి కారణం పోయిన సబ్బు కాదు, పుట్టిన తెట్టు. ఆ సన్నని రేణువులు బుడగల పొరల్లో చేరి వాటిని చిట్లగొడతాయి. బ్రష్షు నిండా నీళ్లు పట్టించి, సబ్బు మీద రెండు చుట్లు తిప్పి ముఖానికి పూసుకునేవారికి నీళ్లు ఎక్కువ, సబ్బు తక్కువ అవుతుంది. తెట్టుదే పైచేయి అవుతుంది. అదే సబ్బు దండిగా ఎక్కించి, నీళ్లు చుక్కలుగా కలిపితే మిగులు సబ్బు తెట్టును కప్పేస్తుంది. కఠిన జలంలో నురగ రానప్పుడు చాలామంది ఇంకొన్ని నీళ్లు పోసి ఇంకా గట్టిగా రుద్దుతారు. చేయవలసింది సరిగ్గా దానికి ఎదురు.

ఉప్పునీటిది ఇంకో బాధ. సబ్బు తయారీలో సబ్బును ద్రవం నుంచి విడదీయడానికి ఉప్పు వేస్తారు. ఉప్పు ఎక్కువైన నీటిలో సోడియం సబ్బు కరగనని మొరాయిస్తుంది. కరగని సబ్బుకు నురగ ఎక్కడిది? ఇందులో కొబ్బరినూనె సబ్బు కొంత మెరుగు. వెనకటి కాలంలో ఓడల మీద సముద్రపు నీటితో స్నానం చేసేవారికి కొబ్బరినూనె సబ్బులే ఇచ్చేవారు.

కాచిన నీళ్లు కొంతవరకే పనికొస్తాయి. బైకార్బొనేట్ల వల్ల వచ్చే తాత్కాలిక కఠినత్వం కాస్తే పోతుంది, గిన్నె అడుగున తెల్లటి గారగా దిగుతుంది. క్లోరైడ్లు, సల్ఫేట్ల వల్ల వచ్చేది ఎంత కాచినా పోదు. సముద్రపు ఛాయ ఉన్న పల్లపు నీళ్లలో ఈ రెండో రకమే బలంగా ఉంటుంది. అన్నిటికన్నా తేలిక దారి వంటింట్లోనే ఉంది. ఊరూరా ప్లాంట్ల నుంచి ఇళ్లకు వచ్చే 20 లీటర్ల క్యాన్ నీళ్లలో కఠినత్వం చాలావరకు తీసేసి ఉంటుంది. బ్రష్షు నానబెట్టడానికీ నురగకూ కలిపి ఒక గ్లాసుడు చాలు. గడ్డం గీశాక ముఖం కడగడానికి బోరు నీళ్లు వాడినా నష్టం లేదు. వానాకాలంలో పట్టుకున్న వాన నీళ్లు క్యాన్ నీళ్లకు ఏమాత్రం తీసిపోవు.

నురగ మాట వచ్చింది కనుక కుంకుడుకాయ సంగతి చెప్పుకోక తప్పదు. దానిలో నురగ తెచ్చేవి సపోనిన్లు. కాల్షియం వాటిని సబ్బులా తెట్టు చేయలేదు. ఉప్పునీళ్ల ఊళ్లలో తలంటుకు కుంకుళ్లు నిలిచి ఉండడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. గడ్డానికి మాత్రం పనికిరావు. ఆ నురగలో జిడ్డు జారుడు ఉండదు, కళ్లలో పడితే మంట.

గడ్డం సబ్బు ఒంటి సబ్బు లాంటిది కాదు. ఒంటి సబ్బు ఎక్కువగా సోడియం సబ్బు. గడ్డం సబ్బులో పొటాషియం సబ్బు కూడా కలుపుతారు. అది నీటిలో త్వరగా కరిగి మెత్తటి ముద్ద అవుతుంది. కొవ్వుల్లో స్టియరిక్ ఆమ్లం పాలు పెంచుతారు. సన్నని బుడగలతో చాలాసేపు నిలిచే నురగ దాని చలవే. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం త్వరగా పొంగే పెద్ద బుడగలనిస్తుంది కానీ అది ఎక్కువైతే చర్మం చుర్రుమంటుంది. గ్లిజరిన్ తడిని పట్టి ఉంచుతుంది. ఒంటి సబ్బుతో గడ్డం గీసుకోవడం అలవాటైన ఇళ్లు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. పని జరగదని కాదు, నురగ రెండు నిమిషాలు దాటి నిలవదు.

ఈ ముడిసరుకు అంతా కళ్లెదుటే పండుతోంది. గోదావరి జిల్లాల కొబ్బరి అందరికీ తెలిసిందే. ఏలూరు జిల్లా మెట్ట మండలాల్లో పామాయిల్ తోటలు విస్తారంగా ఉన్నాయి. ఏలూరు దగ్గర పెదవేగిలో 1995లో మొదలైన జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రమే నేటి భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ. పామాయిల్‌లో పాల్మిటిక్ ఆమ్లం నూటికి 44 వంతుల దాకా ఉంటుంది. దానిలోని ఓలియిక్ ఆమ్లాన్ని హైడ్రోజన్‌తో గట్టిపరిస్తే స్టియరిక్ అవుతుంది. రైసుమిల్లుల తవుడు నుంచి తీసే నూనె కూడా సబ్బు పరిశ్రమకు కొత్త కాదు. పాశ్చాత్య దేశాల్లో గడ్డం సబ్బుకు చాలాకాలం పశువుల కొవ్వే ఆధారం. మన దేశంలో గోద్రెజ్ సంస్థ వందేళ్ల కిందటే జంతువుల కొవ్వు లేని సబ్బు చేసి అమ్మింది. అదే కంపెనీ గుండ్రటి గడ్డం సబ్బు బిళ్ల ఎన్నో తరాల మగవాళ్ల అద్దం దగ్గర కనిపించిన వస్తువు.

బ్రష్షుల్లో ఇక్కడ ఎక్కువగా దొరికేవి నైలాన్ రకాలు, పంది వెంట్రుకల రకాలు. నైలాన్ నీళ్లు పెద్దగా పీల్చదు కనుక నానబెట్టనక్కరలేదు, ఒకసారి ముంచితే చాలు. పంది వెంట్రుకలది మాత్రం మనిషి గడ్డం వంటి స్వభావమే, నాలుగైదు నిమిషాలు నానాలి. ఆ బ్రష్షు కొత్తలో బిరుసుగా ఉండి, వాడగా వాడగా కొసలు చీలి మెత్తబడుతుంది. మొదటి వారం నురగ సరిగా రాలేదని దాన్ని పారేయడం తొందరపాటు. గుర్రపు వెంట్రుకల బ్రష్షులకు చరిత్రలో చెడ్డపేరు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సరిగా శుద్ధి చేయని వెంట్రుకలతో చేసిన బ్రష్షుల వల్ల సైనికులకు ఆంత్రాక్స్ సోకింది.

ఇక పద్ధతి. ముఖం కడుక్కుని, గడ్డం తడి ఆరకుండా చూసుకుని, బ్రష్షును గోరువెచ్చని నీళ్లలో ముంచి గట్టిగా విదిలించాలి. తడిగా ఉండాలి కానీ నీళ్లు కారకూడదు. సబ్బు బిళ్ల మీద రెండు మూడు చుక్కలు వేసి, బ్రష్షు కొసలతో 30 సెకన్లు గుండ్రంగా తిప్పాలి. కఠిన జలమైతే 45 సెకన్లు. మొదట పెద్ద బుడగలు వస్తాయి, తర్వాత అవి మాయమై కొసల మధ్య చిక్కటి ముద్ద చేరుతుంది. ఆ ముద్ద వచ్చేదాకా ఆగలేకపోవడమే చాలా వైఫల్యాలకు మూలం. ఇప్పుడు గిన్నెలోనో, నేరుగా చెంప మీదో తిప్పడం మొదలుపెట్టి, వేలి కొసతో రెండు చుక్కలు నీళ్లు చేరుస్తూ పోవాలి. ప్రతిసారీ ఆ నీళ్లు కలిసిపోయేదాకా తిప్పాకే మళ్లీ చుక్కలు వేయాలి. పొడిగా, మందంగా ఉన్న ముద్ద నెమ్మదిగా మెరుపు తేలి, గిలక్కొట్టిన మీగడలా మారుతుంది. అక్కడ ఆపాలి. మొత్తం రెండు నిమిషాల పని.

ముఖం మీద తిప్పితే వెంట్రుకలు లేచి నిలబడతాయి, తడి కుదుళ్ల దాకా అందుతుంది. మొటిమలో, గాట్లో ఉన్నవారు గిన్నెలో చేసుకోవడం మేలు. నురగ చెంప మీద తెల్లగా, మెరుపు లేకుండా, అట్ట కట్టినట్టు ఉంటే నీళ్లు చాలలేదు. కొసలు తడిపి మరోసారి తిప్పితే సరి. బుడగలు పెద్దవై గడ్డం కింద కారుతుంటే నీళ్లు ఎక్కువైనట్టు. నీళ్లు తీసే ఉపాయం లేదు కనుక మళ్లీ సబ్బు బిళ్ల దగ్గరికే వెళ్లాలి. మరో శత్రువు ఇంటి కప్పుకే వేలాడుతూ ఉంటుంది. కోస్తా ఉక్కపోతలో నురగ తనంతట తాను త్వరగా ఆరదు, ఫ్యాను కింద కూర్చుంటే మాత్రం ఒక చెంప గీసేసరికి రెండోది ఎండిపోతుంది.

సెలూన్లలో ఇప్పుడు బిళ్ల స్థానంలో క్రీము ట్యూబులు, డబ్బా ఫోములు వచ్చాయి. క్రీము కూడా స్టియరిక్ సబ్బే, నీళ్లు ముందే కలిపి ఉంటాయి. డబ్బా ఫోము ఎలాంటి నీటికీ లొంగదు, కానీ దానిలో గాలి పాలు ఎక్కువ. సెలూన్ నురగ ఇంటి నురగ కన్నా బాగుంటే ఆ గొప్ప క్రీముది కాదు, తొందరపడకుండా బ్రష్షు తిప్పే చేతిది. అయితే ఒకే బ్రష్షు పదిమంది ముఖాల మీద తిరగడం మంచిది కాదు. తామర వంటి చర్మవ్యాధులు అలా పాకుతాయి. బ్లేడు విషయంలో జాగ్రత్త బాగా పెరిగింది. రక్తం ద్వారా సోకే హెపటైటిస్, హెచ్ఐవి భయంతో ఇప్పుడు మనిషికో కొత్త బ్లేడు ముక్క వేస్తున్నారు. బ్రష్షు దగ్గర ఆ పట్టింపు ఇంకా రావాలి. సొంత బ్రష్షు తీసుకెళ్లడం తప్పేమీ కాదు.

పని అయ్యాక బ్రష్షును మెత్తటి నీళ్లలో కడగాలి. బోరు నీళ్లలోనే కడుగుతూ పోతే తెట్టు కుదుళ్లలో పేరుకుని వెంట్రుకలు బిరుసెక్కుతాయి. అప్పుడు వెనిగర్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ఉంచితే తెట్టు వదులుతుంది. విదిలించి, కొసలు కిందికి ఉండేలా తగిలించి ఆరబెట్టాలి. సబ్బు బిళ్లను మూత పెట్టిన డబ్బాలో తడిగా వదిలేస్తే శ్రావణ భాద్రపదాల ముసురులో నానిపోయి కరిగిపోతుంది. గాలి తగిలేలా ఉంచితే, రోజుకు గ్రాము లెక్కన 100 గ్రాముల బిళ్ల మూడు నెలల పైన వస్తుంది. నురగ రావడం లేదని సబ్బు మార్చాలనుకునేవారు ముందుగా అదే సబ్బును రెండు చెంచాల క్యాన్ నీళ్లతో ఒకసారి చూడండి.